కొబ్బరిమట్ట చేప

కోనసీమలో పుట్టిన పిల్లలకు నీటితో చెలిమి పుట్టుకతోనే వచ్చును. ఇంటిముందు కాలువ, ఇంటివెనుక బోదె, ఊరిచివర చెరువు. ధవళేశ్వరము కడ 1847వ సంవత్సరమున మొదలైన ఆనకట్ట పని 1852 నాటికి పూర్తి అయ్యెను. ఆర్థర్ కాటన్ దొర కట్టించిన ఆ ఆనకట్ట వలననే గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలలోనికి మరలినది. మా ఊరు బొబ్బర్లంక కడ బయలుదేరు మధ్య డెల్టా కాలువ నీటితో బ్రదుకుచున్న ఊరు. ఆ నీరు పెద్దలకు పంట నిచ్చెను. మా బోటి పిల్లలకు ఆటపట్టు నిచ్చెను. నేను ఈత నేర్చినది ఆ నీటిలోనే, గాలము వేయుట నేర్చినదియు ఆ నీటిలోనే. ఒక తప్పు చేసి దానిని దిద్దుకొనుట నేర్చినది కూడ అక్కడనే. ఆ సంగతి ఇప్పుడు చెప్పెదను.

మా వైపు గాలమునకు కావలసిన వస్తువులు నాలుగు. చేతికి తగిన వెదురుకర్ర, దానికి కట్టిన తంగూసు, నీటిపై తేలు బెండు, చివర ఉక్కు కొక్కెము. తంగూసు అనగా సన్నని నైలాను దారము. బెండును నెమలి ఈక కాడతో గాని, జీలుగుతో గాని చేసికొందుము. కొక్కెమునకు వానపామును గ్రుచ్చి విడిచినచో పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు పడెడివి. అవి పడినపుడు సంతోషించెడివారమే కాని, మా అందరి మనస్సు కొర్రమీను మీదనే ఉండెడిది.

కొర్రమీను తల పాము తలను పోలియుండును. ఒడలు గుండ్రముగను నల్లగను ఉండును. ముండ్లు తక్కువ, రుచి ఎక్కువ. అందుచే సంతలో దానికి మంచి ధర పలుకును. 1793వ సంవత్సరమున బ్లాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని ‘చన్నా స్ట్రయేటా’ అందురు. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనిని తమ రాష్ట్రపు చేపగా ప్రకటించెను. దీనికి మొప్పలే కాక, గాలిని పీల్చుకొను అవయవము కూడ కలదు. అందుచే మాటిమాటికి నీటిపైకి వచ్చి ఒక గ్రుక్క గాలి మ్రింగి మరల దిగును. చెరువు ఎండినను కొంతకాలము తడిబురదలో దాగి ప్రాణము నిలుపుకొనును. తామరాకుల నడుమ, నాచు అంచున, మోకాలిలోతు నీటిలో కదలక మెదలక పొంచియుండును. పైన కప్పపిల్ల గాని, చిరుచేప గాని కదలెనా, రివ్వున దూకి పట్టుకొనును.

కావున కొర్రమీనునకు అడుగున పడియుండు వానపాము పనికిరాదు. నీటి పైభాగమున కదలు ఎర కావలెను. మా ఊరి పెద్దలు బ్రతికియున్న కప్పపిల్లను కొక్కెమునకు గ్రుచ్చెడివారు. ఆ పని నాకు చేతకాలేదు. అది కాళ్లు కొట్టుకొనుట చూచినచో నా చేయి వణకెడిది. తోడి పిల్లలు నన్ను పిరికివాడని ఎగతాళి చేసెడివారు.

1987వ సంవత్సరపు వేసవి సెలవులలో రాజమహేంద్రవరమునకు మా మేనమామగారి ఇంటికి పోయితిని. ఆ జూను నెలలో నేను ఎనిమిదవ తరగతిలో చేరవలసి యుండెను. జామెట్రీ పెట్టెయు నోటు పుస్తకములును కొనుక్కొమ్మని మా అమ్మ 35 రూపాయలు నా చొక్కా జేబులో పెట్టి, జారిపోకుండ పిన్నీసు గ్రుచ్చి పంపెను. అది ఆమె పాలు అమ్మి కూడబెట్టిన సొమ్ము. పుస్తకములకై బజారునకు పోవుచుండగా, వలలు, త్రాళ్లు, కొక్కెములు అమ్ము దుకాణ మొకటి కనబడెను. దాని అద్దాల బీరువాలో ఒక బొమ్మచేప వ్రేలాడుచుండెను.

అది వ్రేలెడు పొడవున్నది. వెండివలె మెరయు పొట్ట, ఆకుపచ్చని వీపు, ఎర్రని కన్ను. మూతిక్రింద అద్దమువంటి ప్లాస్టిక్కు రేకు నాలుకవలె ముందునకు చాచుకొనియున్నది. పొట్టక్రిందను తోకకడను మూడేసి కొనలుగల కొక్కెములు. “పైదేశపు సరుకు. నీటిలో వేసి లాగిన చాలును, చేపవలె తానే ఈదును” అని దుకాణదారు చెప్పెను. కప్పను గ్రుచ్చవలసిన పని లేదు! వెల 32 రూపాయలు. “దీనికి పెద్ద చేపలు పడునా?” అని అడిగితిని. “పడకేమి?” అని అతడు నవ్వెను. నేను అడుగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నదని నాకప్పుడు తెలియదు. పిన్నీసు తీసి సొమ్ము చెల్లించితిని. ఇంటికి వచ్చి, పుస్తకములు బడి తెరచిన తరువాత కొనెదనని అమ్మతో అంటిని. ఆమె నమ్మెను. ఆమె నమ్మినందుననే ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మా చెరువులో అంతకు ముందటి యేడు, 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి పెనువరద నీరు చేరియుండెను. ఆ వరద పోవుచు పోవుచు ఎన్నియో చేపలను మా చెరువులో విడిచిపోయినదని పెద్దలు చెప్పుకొనెడివారు. కాలువలకు నీరు వదలిన వారమునకు చెరువు గట్టునకు పోయి, బొమ్మచేపను తంగూసునకు కట్టి విసరితిని. లాగగానే అది మూతి వంచి, బాణమువలె అడుగునకు పోయి, బురదలో గ్రుచ్చుకొనెను. ఎట్లో ఊడదీసితిని. రెండవ విసురున దాని కొక్కెములకు గుప్పెడు నాచు తగులుకొనెను. మూడవ విసురున అది తామరతూండ్ల నడుమ చిక్కుకొని, ఎంత లాగినను రాలేదు. తంగూసు తెగెను. నీటిలో దిగి చేతులతో వెదకితిని. బురద తప్ప మరేమియు దొరకలేదు. అమ్మ కూడబెట్టిన సొమ్ము మూడు విసురులలో నీటిపాలయ్యెను.

గట్టుమీద కూర్చుండి ఇదంతయు ఒక వృద్ధుడు చూచుచుండెను. ఆయన చాలకాలము కాలువపై లస్కరుగా పనిచేసి మానుకొన్నవాడు. నీటిమట్టము చూచుట, తలుపులు ఎత్తుట దించుట ఆయన చేసిన పని. మేము ‘లస్కరు తాత’ అని పిలిచెడివారము. నేను ఏడ్పు ఆపుకొనుచు పైకి రాగా ఆయన నన్ను దగ్గర కూర్చుండబెట్టుకొనెను.

“అబ్బాయీ, నీ బొమ్మ ఎంత లోతున ఈదునో అడిగి కొంటివా?”

“లేదు తాతా.”

“ఈ చెరువు ఇక్కడ ఎంత లోతున్నదో కొలిచి చూచితివా?”

“లేదు.”

“మరి ఏమి చూచి కొంటివి?”

నేను తల వంచుకొని, “రంగు చూచి” అంటిని.

“రంగు కొనువాని కొరకు. చేపకు కావలసినది నడక. ఆ నడక నిచ్చునది మూతిక్రింది రేకు. పడవకు చుక్కాని యెట్టిదో దానికి ఆ రేకు అట్టిది” అని ఆయన చెప్పెను. పిమ్మట ఒక రేకుముక్కను వంచి, పుల్లకు కట్టి, కాలువలో లాగి చూపెను. లాగునపుడు ఎదురునీరు రేకుపై పడి మూతిని క్రిందికి నొక్కును. నీరు ఒకసారి ఈ ప్రక్కనుండి, ఒకసారి ఆ ప్రక్కనుండి జారుటచే ఒడలు ఇటునటు ఊగును. రేకు పొడవై ముందునకు చాచుకొనియున్నచో బొమ్మ లోతునకు దిగును. రేకు పొట్టిదై క్రిందికి నిటారుగా వంగియున్నచో అది జానెడు, మహా అయిన మూరెడు లోతును మించి దిగదు.

“లోతైన నీటికై చేసిన వస్తువును మోకాలిలోతు నీటిలో వేసితివి. వస్తువు చెడ్డది కాదు, తావు తప్పినది” అని తాత ముగించెను. ఆ మాట నాకు కొంత ఊరట కలిగించెను. కాని సొమ్ము తిరిగి రాలేదు.

“ఇంకొకటి కొనుటకు నాకడ డబ్బు లేదు తాతా” అంటిని. “కొనుమని ఎవరనిరి? కోనసీమలో కొబ్బరిమట్టకు కరవా?” అని ఆయన లేచెను.

ఎండిన కొబ్బరిమట్ట తేలికగా నుండును, నీటిలో తేలును. దాని మొదలును కత్తితో చెక్కి వ్రేలెడు చేపను చేసితిమి. మట్టకు నీరు పీల్చు గుణము కలదు గనుక కరగించిన మైనమును రెండుసార్లు పట్టించితిమి. పొట్టకు తేయాకు పొట్లములోని మెరుపుకాగితమును అంటించితిమి. పాత నూనెడబ్బా రేకును గోరంత కత్తిరించి, మూతిక్రింద నిటారుగా దిగగొట్టితిమి. ముక్కుకడ తంగూసు కట్టుటకు తీగతో చిన్న ఉంగరమును అమర్చితిమి. మూడు కొనల కొక్కెములకు మారుగా తోకకడ ఒకే కొక్కెమును, దాని ముల్లు పైకి ఉండునట్లు బిగించితిమి. అట్లున్నచో నాచు అంతగా తగులదు. కర్చు అంతయు ఆ ఒక్క కొక్కెమునకే. “దీనికి మాత్రము పిసినారితనము కూడదు. వంగిపోవు కొక్కెము గాయపడిన చేపను తప్పించి పంపును. అది నీకును మేలు కాదు, దానికిని మేలు కాదు” అని తాత హెచ్చరించెను.

తరువాత దానిని గోలెములో వేసి చూచితిమి. మొదట అది ప్రక్కకు ఒరిగెను. పొట్టలో చిన్న సీసపు పలుకు దిగగొట్టగా నిటారుగా తేలెను. లాగగా ఎడమవైపునకు పరుగిడెను. తాత ముక్కు ఉంగరమును రవంత కుడివైపునకు వంచెను. అంతట అది తిన్నగా, తోక ఊపుచు, నిజమైన చిరుచేపవలె ఈదసాగెను. లాగుట ఆపిన వెంటనే పైకి తేలెను. నాచు కనబడగానే లాగుట ఆపినచో చాలును. బొమ్మ పైకి లేచి చిక్కు తప్పించుకొనును. లోతులేని నీటికి ఇంతకన్న కావలసిన దేమున్నది?

ఇట్టి పనియే వేరొక దేశమున ఒక జాలరి చేసెనని నేను పెద్దవాడనైన తరువాత చదివితిని. ఫిన్లాండు దేశపు లౌరి రాపాలా పేదవాడు. సరస్సులలో చేపలు పట్టి జీవించెడివాడు. పెద్ద చేపలు చిరుచేపల గుంపులోనికి దూకి, తక్కినవానివలె గాక కొంచెము తడబడుచు ఈదు చేపను ఏరి పట్టుకొనుటను ఆయన గమనించెను. 1936లో కార్కు బెరడును చెప్పులు కుట్టు కత్తితో చెక్కి, చాకొలెట్టు పొట్లపు రేకును చుట్టి, పాత ఫోటో ఫిల్ములను కరగించి పైపూత పూసి, అట్లు తడబడు బొమ్మచేపను చేసెను. నేడు ఆయన పేరుతో సాగుచున్న కంపెనీ బొమ్మచేపలు దేశదేశములలో అమ్ముడుపోవుచున్నవి. ఆయనకు ధనము లేదు. చూచు కన్ను ఉండెను. మా తాతకును అట్టి కన్నే ఉండెనని నాకు తోచును.

మొదటి వారములో నా కొబ్బరిమట్ట చేపకు మూడు మట్టగిడసలు పడినవి. అవి కొర్రమీను జాతివే, కాని చిన్నవి. నన్ను పిరికివాడన్న పిల్లలే నా వెంట తిరుగసాగిరి. వారిలో ఒకడు ఒకనాటి ప్రొద్దున పరుగెత్తుకొని వచ్చి, “చెరువు మూలలో ఎర్రని గుంపు తేలినది. దానిలో వేయుము, పెద్దది తప్పక పడును” అని చెప్పెను.

పోయి చూచితిని. తామరాకుల నడుమ చాపంత మేర నీరు ఉడుకుచున్నట్లు కదలుచుండెను. అగ్గిపుల్లలంత ఎర్రని పిల్లలు వందలకొలది పైకి వచ్చుచు దిగుచుండెను. నేను బొమ్మను సరిగా వాని నడుమ విసరితిని. రెండుసార్లు లాగితినో లేదో, నీరు పగిలినట్లయ్యెను. తంగూసు నా వ్రేళ్లను కోసెను. ఎట్టకేలకు గట్టుపైకి లాగితిని. మూరెడు పైబడిన కొర్రమీను! దానిని సంతకు పంపినచో పోయిన సొమ్ములో చాలవరకు తిరిగివచ్చును. జామెట్రీ పెట్టె కొనవచ్చును. అమ్మకు ఏమియు తెలియదు.

పిల్లల కేకలు విని లస్కరు తాత వచ్చెను. చేపను చూచెను, చెరువును చూచెను. ఆయన ముఖమున సంతోషము లేదు.

“అబ్బాయీ, ఇది ఆకలితో వచ్చి పట్టుకొన్నది కాదు” అనెను.

నాకు అర్థము కాలేదు. ఆయన చేయి చాచి చూపెను. “ఆ ఎర్రని పిల్లలు దీని పిల్లలు. కొర్రమీను జంట తమ పిల్లలను క్రింద నుండి కావలి కాయును. నీ బొమ్మ పిల్లల మీద పడినది. శత్రువనుకొని మీదికి వచ్చినది. అటు చూడుము.”

చూచితిని. కొంతసేపటి క్రిందట ఒక్క ముద్దగా నున్న గుంపు చీలికలు పేలికలై పోయెను. చిరుచేపలు ఆ పిల్లలలోనికి చొరబడుచుండెను. లకుముకి పిట్ట ఒకటి కొమ్మపై నుండి దూకి, మరల కొమ్మపైకి చేరి, మరల దూకెను. దాని జోడు చేప ఎక్కడనో ఉండియుండవచ్చును. కాని ఒక్కటి ఎన్ని వైపుల కాయగలదు?

“ఇప్పు డేమి చేయవలెను తాతా?”

“చేప నీది. చెప్పుటకు నేనెవరను? గాలి పీల్చు చేప గనుక ఇంకను బ్రతికియే యున్నది” అని ఆయన ఊరకుండెను.

పిల్లలందరు నన్నే చూచుచుండిరి. నా కన్నులకు ఒకవైపు జామెట్రీ పెట్టెయు, మరియొకవైపు చీలిపోయిన ఆ గుంపును కనబడినవి. కప్పపిల్లను గ్రుచ్చలేక వణకిన చేయి ఇదియే గదా! కప్ప కాళ్లు కొట్టుకొనుట కంటికి కనబడినది, ఇది కనబడలేదు. కనబడని బాధ బాధ కాకపోవునా? ఒంటి కొక్కెము గనుక సులువుగానే ఊడెను. రెండు చేతులతో ఎత్తి, మోకాలిలోతు నీటిలో దిగి, గుంపు ఉన్నవైపు మొగము పెట్టి విడిచితిని. ఒక క్షణము అది కదలలేదు. పిదప తోక ఝాడించి, నా కాలిని రాచుకొని పోయెను.

మరునాడు అదే మూలలో ఎర్రని గుంపొకటి కనబడెను, మునుపటికన్న చిన్నది. అది ఆ చేప గుంపేయని నేను ప్రమాణము చేసి చెప్పజాలను. అయినను చాలసేపు గట్టుపై కూర్చుండి చూచితిని.

ఆ సాయంకాలము మా అమ్మకు జరిగినదంతయు చెప్పితిని. ఆమె కోపింపలేదు, చాలసేపు మాటాడలేదు. అది కోపముకన్న కష్టముగా నుండెను. తుదకు, “సొమ్ము పోయిన సంపాదించుకొనవచ్చును. సంపాదింపుము” అని మాత్రమనెను. నేను కొబ్బరిమట్ట చేపలు చెక్కుట మొదలుపెట్టితిని. ఒక్కొక్కటి 2 రూపాయలు. కొక్కెము కర్చు పోగా కొంత మిగిలెడిది. దసరా సెలవుల నాటికి జామెట్రీ పెట్టెకు సరిపడు సొమ్ము చేరెను. అంతవరకు బడిలో తోడివాని పెట్టెను అడిగి వాడుకొంటిని. కొనువారందరకు ఒక్క నియమము పెట్టితిని: ఎర్రని గుంపుపై వేయరాదు. అందరును పాటించిరో లేదో తెలియదు. చెప్పుట మాత్రము నేను మానలేదు.

ఇప్పుడు బజారులలో బొమ్మచేపలు రకరకములుగా దొరకుచున్నవి. వానిలో పెక్కు అమెరికా దేశపు చెరువులలోని ‘బాస్’ అను చేపకొరకు రూపొందినవి. ఆ బాస్ జాతిలో మగచేప గూడు కట్టి, గ్రుడ్లను పిల్లలను కాపాడును. అచ్చటను కొన్ని ప్రాంతములలో అవి పిల్లలు చేయు ఋతువున వేటను నిషేధించియుందురు. మా తాత చెప్పిన నీతి సముద్రముల ఆవలను చట్టమై యున్నదన్న మాట!

మొన్న మా మేనల్లుడు అట్టి బొమ్మచేపల బొమ్మలు చూపి, “మామయ్యా, వీనిలో ఏది కొనవలెను?” అని అడిగెను. ఖరీదైనదానిమీద వాని కన్నున్నది. నేను వానిని చెరువునకు తీసికొనిపోయి, చేతికొక కర్ర ఇచ్చి, మొదట నీటి లోతు కొలువుమంటిని. కర్ర మోకాలివరకే తడిసెను. “పొట్టి రేకుది, తేలునది, గట్టి కొక్కెము గలది ఏదైనను చాలును. రంగునకు ఎక్కువ వెల ఇయ్యవలదు” అని చెప్పితిని. వాడు అంతటితో లేవబోయెను. “కూర్చుండుము. కొలువవలసినది ఇంకొకటి కలదు” అని, ఇద్దరమును గట్టుపై కూర్చుండి, నీటిపై ఎక్కడనైన ఎర్రని గుంపు కదలుచున్నదేమో యని చూచుచుంటిమి.